కీళ్ల నొప్పులకు రుమటాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలా? ఎముకల డాక్టరు సరిపోరా?

తెనాలి_లక్ష్మి
మార్చి 3, రాత్రి 9:40

నాకు 38 ఏళ్లు. ఏడు నెలలుగా పొద్దున లేచేసరికి రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి ఉంటున్నాయి. పిడికిలి పూర్తిగా ముడవలేను. వేడినీళ్లలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తే పది, పదిన్నరకి కాస్త వదులవుతాయి. వేళ్ల మొదట్లో కణుపుల దగ్గర వాపు. అరికాలు నేల మీద మోపితే గులకరాళ్ల మీద నడిచినట్టు ఉంటుంది. నేను ఇంట్లో టైలరింగ్ చేస్తాను. మిషన్ ఎలాగో తొక్కుతున్నాను గానీ కత్తెర పట్టు దొరకడం లేదు. జాకెట్లకి హుక్కులు కుట్టడం మా పక్కింటి అమ్మాయికి అప్పగించాను.

మొదట మా వీధి డాక్టరు గారు నొప్పి మాత్రలు రాశారు. తర్వాత ఎముకల డాక్టరుకి చూపించాం. ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష) నెగెటివ్, కాబట్టి కీళ్లవాతం కాదు, అరుగుదల మొదలై ఉంటుందని కాల్షియం ఇచ్చారు. మధ్యలో ఇంకొకాయన తుంటికి ఇంజెక్షన్ చేశారు. పది రోజులు ఏ నొప్పీ లేదు, పదకొండో రోజు నుంచి రెట్టింపు. ఏం ఇంజెక్షనో చీటీలో రాయలేదు.

ఇప్పుడు మా ఆడపడుచు రుమటాలజిస్ట్‌కి చూపించమంటోంది. ఆ మాట వినడం ఇదే మొదటిసారి. మావారేమో "ఎముకల డాక్టరే చూశాక ఇంకో డాక్టరెందుకు" అంటున్నారు. గుంటూరో విజయవాడో వెళ్లాలి, ఫీజు, పరీక్షలు, ఒక రోజు పని పోతుంది. నిజంగా తేడా ఉంటుందా? వెళ్లినవాళ్లు చెప్పండి.

వెన్నుపూస_వంశీ
మార్చి 3, రాత్రి 10:05

వెళ్లండి అక్కా. నేను ఆరేళ్లు పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దు.

నాది నడుం. 23 ఏళ్లప్పుడు మొదలైంది. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి నొప్పితో మెలకువ వచ్చేది. లేచి హాల్లో అటూ ఇటూ నడిస్తే తగ్గేది. పడుకుంటే పెరిగేది. డిస్క్ అన్నారు, బైక్ మానేయమన్నారు, బెల్టు పెట్టుకోమన్నారు, చెక్క మంచం మీద పడుకోమన్నారు. 29 ఏళ్లకి హైదరాబాద్‌లో ఒక రుమటాలజిస్ట్ మొదటి పది నిమిషాల్లో అడిగిన ప్రశ్న: "విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుందా, నడిస్తే తగ్గుతుందా?" అంతకు ముందు ఎవరూ అడగలేదు. ఎంఆర్‌ఐలో తుంటి వెనక శాక్రోఇలియాక్ కీళ్లలో వాపు, హెచ్‌ఎల్‌ఏ బీ27 అనే జన్యు పరీక్ష పాజిటివ్. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు. అప్పటికే నా మెడ సగమే తిరుగుతోంది.

పెరటితోట
మార్చి 3, రాత్రి 10:31

ముందు వంకాయ, చామదుంప, పుల్లటి పెరుగు మానేసి చూడండి. ఇవన్నీ వాతం చేసేవే. మా అత్తగారికి ఒక ఊళ్లో ఇచ్చే పొడితో మూడు రోజుల్లో లేచి తిరిగారు. ఇంగ్లీషు మందులకి ఒకసారి అలవాటుపడితే జీవితాంతం వాడాలి, గుర్తుపెట్టుకోండి.

సిస్టర్_మేరి
మార్చి 3, రాత్రి 10:50

పెరటితోట గారూ, మూడు రోజుల్లో లేచి తిరిగారంటేనే నాకు భయం వేస్తోంది. 22 ఏళ్లుగా మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. కీళ్ల వాపుని మూడు రోజుల్లో అంతలా తగ్గించేది చాలావరకు స్టెరాయిడే. పేరూ ఊరూ లేని పొడుల్లో, పొట్లం మాత్రల్లో దాన్ని కలిపి ఇవ్వడం మేం చూస్తూనే ఉన్నాం. ముఖం చందమామలా ఉబ్బి, షుగర్ పెరిగి, ఎముకలు గుల్లబారి వస్తారు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, నెలల తరబడి తిన్నాక ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలిపోవచ్చు. బయటి నుంచి వస్తోంది కదా అని శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారుచేయడం తగ్గించేస్తుంది. మీ అత్తగారు ఇంకా ఆ పొడి వాడుతుంటే మాన్పించే ముందు డాక్టరుకి చూపించండి. దయచేసి.

లక్ష్మి గారూ, మీ తుంటి ఇంజెక్షన్ కూడా అదే అయి ఉండాలి. పది రోజుల స్వర్గం అన్నారు కదా.

పెరటితోట
మార్చి 3, రాత్రి 11:02

ఆయుర్వేదాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఫ్యాషన్ అయిపోయింది.

సిస్టర్_మేరి
మార్చి 3, రాత్రి 11:08

ఆయుర్వేదం చదువుకున్న వైద్యులు లేబుల్ మీద ఏముందో రాసి ఇస్తారు. నేనంటున్నది లేబుల్ లేని పొట్లం గురించి.

పీజీ_ఇంటర్నల్_మెడిసిన్
మార్చి 4, ఉదయం 6:15

డ్యూటీ దిగి రాస్తున్నాను, కాస్త పెద్దదవుతుంది.

ఆర్థోపెడిక్ డాక్టర్లు ప్రధానంగా సర్జన్లు. విరిగిన ఎముక, చిరిగిన లిగమెంటు, మోకాలి మార్పిడి వాళ్ల రంగం. రుమటాలజిస్టులు ఫిజీషియన్లు, కత్తి పట్టరు. ఎండీ జనరల్ మెడిసిన్ లేదా పిల్లల వైద్యంలో ఎండీ అయ్యాక ఇంకో మూడేళ్లు డీఎం రుమటాలజీ, లేదా డీఎం క్లినికల్ ఇమ్యునాలజీ అండ్ రుమటాలజీ చదువుతారు. బోర్డు మీద ఆ డిగ్రీ ఉందో లేదో చూసుకోండి.

ఎందుకు వేరే రంగం అయింది? రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మీరన్న కీళ్లవాతం, అసలు ఎముక జబ్బు కాదు. మన రోగనిరోధక వ్యవస్థ బయటి క్రిముల మీద చేయాల్సిన దాడిని సొంత కీలు లోపలి పొర మీద చేస్తుంది. ఆ పొర ఉబ్బి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనీ తినేస్తుంది. ఊపిరితిత్తులకీ కళ్లకీ పాకవచ్చు. ఇదే దాడి వెన్ను కీళ్ల మీద జరిగితే వంశీ గారి జబ్బు. చర్మం, కిడ్నీ, రక్తం మీద జరిగితే లూపస్. కన్నీటి, లాలాజల గ్రంథుల మీద జరిగితే షోగ్రెన్స్. కంటి డాక్టరు ఒక ముక్క, చర్మ డాక్టరు ఒక ముక్క చూస్తారు. ఈ ముక్కలన్నీ ఒకచోట పెట్టి చూడటమే రుమటాలజిస్టు పని.

లక్ష్మి గారు రాసినదాంట్లో నన్ను ఆపినవి మూడు. బిగుతు గంటల తరబడి ఉండటం. అరుగుదల అయితే సాధారణంగా అరగంటలోపే వదులుతుంది, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. మీకు పని చేస్తే వదులవుతోంది. రెండోది వాపు ఉన్న చోటు. అరుగుదల ఎక్కువగా గోరు దగ్గరి చివరి కణుపుకి వస్తుంది, రుమటాయిడ్ వేళ్ల మొదటి, మధ్య కణుపులకి వస్తుంది. మూడోది రెండు చేతులకీ ఒకేలా ఉండటం.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ అంటే జబ్బు లేదని కాదు. రుమటాయిడ్ ఉన్నవాళ్లలో నూటికి 20 నుంచి 30 మందికి అది నెగెటివే. పైగా జబ్బు లేని పెద్ద వయసువాళ్లకీ, హెపటైటిస్ సీ ఉన్నవాళ్లకీ పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ అనే పరీక్ష ఇంకా నమ్మదగినది. మొదటి నెలల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ఎక్స్‌రేలో కనబడిందంటే ఎముక అప్పటికే పోయిందని అర్థం, పోయిన ఎముక తిరిగి రాదు. అందుకే తొందరపడమంటాం.

నేను చూడకుండా జబ్బు పేరు పెట్టలేను. కానీ ఆలస్యం చేయకండి.

గోదారి_గట్టు
మార్చి 4, ఉదయం 7:20

చికున్‌గున్యా వచ్చిందా ఈ మధ్య? 2006లో మా ఊరంతా మంచాన పడింది గుర్తుందా. జ్వరం వారంలో పోయినా మా నాన్నకి కీళ్ల నొప్పులు ఏడాది దాకా పోలేదు. అచ్చం ఇలాగే పొద్దున బిగుతు.

తెనాలి_లక్ష్మి
మార్చి 4, ఉదయం 7:48

లేదండి, ఈ ఏడాది జ్వరమే రాలేదు. పీజీ గారూ, రాత్రంతా డ్యూటీ చేసి అంత ఓపికగా రాశారు, చాలా థ్యాంక్స్. మావారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కాఫీ మాత్రం తనే కలిపి తెచ్చారు.

పీజీ_ఇంటర్నల్_మెడిసిన్
మార్చి 4, మధ్యాహ్నం 1:30

గోదారి_గట్టు గారి ప్రశ్న సరైనదే, మేమూ మొదట అదే అడుగుతాం. చికున్‌గున్యా తర్వాతి కీళ్లవాపు రుమటాయిడ్‌ని బాగా పోలి ఉంటుంది.

సీతాకోక_రమ్య
మార్చి 4, మధ్యాహ్నం 2:12

నాది లూపస్, 2014 నుంచి. ఆడవాళ్లకే ఎక్కువ వస్తుంది, పది మందిలో తొమ్మిది మంది మేమే.

అప్పుడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ముక్కుకి రెండు పక్కలా బుగ్గల మీద ఎర్రటి మచ్చ, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు. నా హ్యాండిల్ అక్కడి నుంచే. ఎండ అలర్జీ అని క్రీములు రాశారు. జుట్టు రాలితే నీళ్లు పడలేదన్నారు. నోట్లో పుళ్లకి బీకాంప్లెక్స్. జ్వరానికి టైఫాయిడ్ అని రెండు కోర్సులు. ఇన్ని ముక్కలు ఎవరూ కలపలేదు. కాళ్లు ఉబ్బాక మూత్ర పరీక్ష చేస్తే ప్రొటీన్ ధారగా పోతోంది. కిడ్నీ బయాప్సీ దాకా వెళ్లింది. ఇప్పుడు బాగున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకుంటాను, మూత్రం పరీక్ష మూడు నెలలకోసారి. కంటి రెటీనా పరీక్ష కూడా క్రమంగా చేయించుకోవాలి, ఆ మందు చాలా ఏళ్లు వాడితే రెటీనా మీద ప్రభావం ఉండొచ్చు.

లక్ష్మి గారూ, వెళ్లేటప్పుడు ఏడు నెలల కథ తేదీలతో కాగితం మీద రాసుకుని వెళ్లండి. వాపు ఎక్కువగా ఉన్న రోజు చేతుల ఫొటో తీసుకోండి. డాక్టరు ముందు కూర్చున్న రోజే వాపు తక్కువుంటుంది, అది నియమం లాగా జరుగుతుంది. నోటి పుళ్లు, కళ్లు పొడిబారడం, జుట్టు, గర్భస్రావాలు, చర్మం మీద మచ్చలు, సంబంధం లేదనిపించినా చెప్పండి.

కరీంనగర్_కిరణ్
మార్చి 4, సాయంత్రం 6:40

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా చెల్లికి హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. గూగుల్‌లో చూస్తే లూపస్ అని ఉంది. ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నం. ఆమెకు ఏ నొప్పీ లేదు.

పీజీ_ఇంటర్నల్_మెడిసిన్
మార్చి 4, రాత్రి 8:05

ఏ లక్షణమూ లేకుండా ఒక్క ఏఎన్‌ఏ కాగితంతో లూపస్ అనరు. లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఏఎన్‌ఏ పాజిటివ్ ఉంటుంది. కానీ పాజిటివ్ ఉన్న అందరికీ లూపస్ ఉండదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ, థైరాయిడ్ ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. ఒకసారి ఫిజీషియన్‌కి చూపించి, మూత్రం, రక్తం మామూలు పరీక్షలు చేయిస్తే చాలు. ఈ పరీక్ష అడగకుండా ప్యాకేజీల్లో పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

కరీంనగర్_కిరణ్
మార్చి 4, రాత్రి 8:11

అమ్మకు ఇప్పుడే చెప్పిన. ఏడ్చేసింది, ఊరటతో.

ఉత్తరాంధ్ర_ఉష
మార్చి 5, ఉదయం 9:00

మా అమ్మకి రుమటాయిడ్. ఆవిడకి అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మావైపు పాత తరం ఆడవాళ్లలో మామూలే. రుమటాలజిస్టు అన్నిటికంటే ముందు దాని గురించే అడిగారు. పొగ ఈ జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతుందట, వచ్చాక మందుల్ని సరిగ్గా పనిచేయనివ్వదట. వంకాయ గురించి అడిగితే "మీకు తిన్నాక నొప్పి పెరుగుతోందనిపిస్తే మానండి, లేకపోతే హాయిగా తినండి, చుట్ట మాత్రం ఆపండి" అన్నారు. అమ్మ వంకాయే మానేస్తానంది. చుట్ట ఆపడానికి ఎనిమిది నెలలు పట్టింది.

డాలస్_పద్మ
మార్చి 5, ఉదయం 10:25

ఇండియాలో నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లగలగడం ఎంత పెద్ద వరమో ఇక్కడికొచ్చాక తెలిసింది. నాకు ఫ్యామిలీ డాక్టరు రిఫరల్ రాశాక రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ నాలుగు నెలల తర్వాత దొరికింది. ఆ నాలుగు నెలలూ జుట్టు దువ్వుకోలేక కత్తిరించేసుకున్నాను.

నాదీ కీళ్ల జబ్బే. మాత్రలు సరిపోక బయోలాజిక్ ఇంజెక్షన్‌కి (రోగనిరోధక వ్యవస్థని అణిచే మందు) వెళ్లాం. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేశారు, నాకు పాజిటివ్. దగ్గు లేదు, జ్వరం లేదు. మన దేశంలో పెరిగిన చాలామందిలో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుందట, ఈ ఇంజెక్షన్లు దాన్ని నిద్రలేపగలవు. అందుకని ముందు టీబీ మందులు వాడి, ఆ తర్వాతే మొదలుపెట్టారు. ఎవరైనా ఈ పరీక్ష లేకుండా బయోలాజిక్ ఇస్తామంటే ఆగి అడగండి.

రిటైర్డ్_మాస్టారు
మార్చి 5, సాయంత్రం 5:10

లక్ష్మమ్మా, ఖర్చు గురించి అడిగావు కదా. హైదరాబాద్ పంజాగుట్టలో నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. వెల్లూరు సీఎంసీకి మనవాళ్లు ఎప్పటి నుంచో వెళుతున్నారు. నీకు దగ్గర్లో ప్రైవేటుగా కూర్చునేవాళ్లూ ఉంటారు, ముందు వాళ్లనే చూడు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే పట్టుకెళ్లు. మన వైపు ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ. ఏ చికిత్స దాని కిందికి వస్తుందో ఆసుపత్రిలో ఉండే పథకం కౌంటర్లోనే అడిగి తెలుసుకోవాలి.

తెనాలి_లక్ష్మి
మార్చి 21, రాత్రి 10:15

వెళ్లొచ్చాం. మావారు కూడా సెలవు పెట్టి వచ్చారు.

పరీక్ష చేసిన తీరు చూసి ఆశ్చర్యపోయాను. భుజాలు, మోచేతులు, మణికట్లు, ప్రతి వేలి కణుపు, మోకాళ్లు, మొత్తం 28 కీళ్లు ఒక్కొక్కటీ నొక్కి, ఎక్కడ నొప్పి, ఎక్కడ వాపు అని లెక్క రాసుకున్నారు. పాదాన్ని రెండు పక్కల నుంచి మెల్లగా అదిమితే ప్రాణం పోయినంత పనైంది. ఏడు నెలల్లో నా చేతుల్ని పట్టుకుని చూసిన మొదటి డాక్టరు ఆవిడే. రమ్య చెప్పినట్టు కాగితం, ఫొటోలు తీసుకెళ్లాను. నిజంగానే ఆ రోజు వాపు తక్కువుంది, ఫొటోలు చూసి తలూపారు.

యాంటీ సీసీపీ బాగా ఎక్కువగా వచ్చింది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ కూడా ఎక్కువే. రుమటాయిడ్ ఆర్థరైటిసే. మందు మొదలుపెట్టే ముందు లివర్, కిడ్నీ, రక్తకణాలు, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే తీయించారు. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా అని అడిగారు. ఇద్దరున్నారు, ఆపరేషన్ అయింది అన్నాను.

మందులు: మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి, ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్, ఇంకా ఆరు వారాలకి తగ్గించుకుంటూ పోయే చిన్న డోసు స్టెరాయిడ్. మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందట, ఆ లోపల నిలబెట్టడానికి స్టెరాయిడ్.

ఇంటికొచ్చి పేరు కొట్టి చూస్తే క్యాన్సర్ మందు అని వచ్చింది. మాత్రలు ఇంకా విప్పలేదు.

మందుల_షాపు_మూర్తి
మార్చి 21, రాత్రి 10:40

30 ఏళ్లుగా షాపు నడుపుతున్నాను. ఒక్క విషయం చెప్పాలి, దయచేసి ఇంట్లో అందరికీ వినిపించండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నోట్లో పుళ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. మా పక్క ఊళ్లో ఒక పెద్దావిడకి జరిగింది. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ బ్రాండు పేర్లు కొన్ని రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, చిన్న పసుపు మాత్రలు. ఆవిడ రెండూ తారుమారు చేసుకుని, రోజూ వేసుకోవాల్సింది వారానికీ, వారానికి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంది. పదకొండో రోజు తీసుకొచ్చారు. బతికింది.

నేనైతే ప్రతి ఒక్కరికీ పెట్టె మీద తెలుగులో పెద్దగా "ఆదివారం మాత్రమే" అని మార్కర్‌తో రాసి ఇస్తాను. మీరూ రాసుకోండి. రెండు పెట్టెలూ ఒకే డబ్బాలో పెట్టకండి.

రిటైర్డ్_మాస్టారు
మార్చి 22, ఉదయం 5:50

క్యాన్సర్ మందు అని భయపడ్డావు కదమ్మా, అదెవరి చేతి మీదుగా వచ్చిందో తెలుసా? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం మొదట ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత దాన్ని అడ్డుకునే మందులు చేసింది. వాటిలో ఒకదాన్ని సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి, జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. సుబ్బారావు గారు ఆ ఏడాదే పోయారు. రుమటాయిడ్‌కి దీన్ని వాడొచ్చని అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 1988లో. అంటే ఆయన పోయిన 40 ఏళ్లకి.

నీ చీటీలో ఉన్న మెథోట్రెక్సేటూ, దాని దుష్ఫలితాలు తగ్గించే ఫోలిక్ యాసిడూ, రెండూ ఆయన బల్ల మీది నుంచి వచ్చినవే. మా ఆవిడ పదహారేళ్లు వాడింది. నేను ప్రతి ఆదివారం రాత్రి మాత్ర చేతికిచ్చేటప్పుడు ఆయన్ని తలుచుకునేవాణ్ని.

వెన్నుపూస_వంశీ
మార్చి 22, ఉదయం 8:14

మాస్టారూ, భీమవరంలో పుట్టి పెరిగాను, ఇది తెలియదు. సిగ్గుగా ఉంది.

పీజీ_ఇంటర్నల్_మెడిసిన్
మార్చి 22, ఉదయం 9:02

క్యాన్సర్‌లో వాడే డోసు చాలాసార్లు వందల నుంచి వేల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మీకు వారానికి 10, 15, మహా అయితే 25. ఇక్కడ దాని పని కణాలని చంపడం కాదు, ఎదురుతిరిగిన రోగనిరోధక వ్యవస్థని చల్లబరచడం. భయపడాల్సింది మూడు విషయాలకే: రోజూ వేసుకోవడం, మద్యం, రక్తపరీక్షలు ఎగ్గొట్టడం. జ్వరం వచ్చినా, నోట్లో పుళ్లు పడినా, పొడి దగ్గు, ఆయాసం మొదలైనా ఆ వారం డోసు వేసుకోకుండా డాక్టరుకి ఫోన్ చేయండి.

పెరటితోట
మార్చి 22, ఉదయం 11:30

సిస్టర్ మేరి గారూ, మీ పోస్టు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. అత్తగారిని డాక్టరుకి చూపించాం. షుగర్ 280. కార్టిసాల్, అంటే మీరన్న శరీరం సొంత స్టెరాయిడ్, పరీక్ష చేస్తే బాగా తక్కువగా ఉంది. ఆ పొడిలో స్టెరాయిడే ఉండి ఉంటుందన్నారు. ఇప్పుడు లెక్క ప్రకారం మాత్ర ఇచ్చి నెలల మీద తగ్గిస్తారట. ఆ రోజు మీతో వాదించాను.

సిస్టర్_మేరి
మార్చి 22, ఉదయం 11:41

తీసుకెళ్లారు, అది చాలు. ఆవిడకి వాంతులు, జ్వరం లాంటివి వస్తే ఆ మాత్ర మాత్రం మానకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అది ఒక కాగితం మీద రాసి ఆవిడ పర్సులో పెట్టండి.

కావ్య_హెచ్‌వైడీ
మార్చి 22, రాత్రి 9:30

నాకు 29. రెండేళ్లుగా మెథోట్రెక్సేట్ మీద ఉన్నాను, నొప్పులు దాదాపు లేవు. పెళ్లై ఏడాదిన్నర. అత్తింట్లో నా జబ్బు సంగతి తెలుసు గానీ మందు సంగతి తెలియదు. "ఇంకా విశేషం లేదా" అని ప్రతి పండక్కీ అడుగుతున్నారు. ఈ నెల మందు మానేసి ప్రయత్నిద్దామనుకుంటున్నాను.

సీతాకోక_రమ్య
మార్చి 22, రాత్రి 9:44

కావ్యా, నీ అంతట నువ్వు ఆపకు. ఆపిన మర్నాడే ప్రయత్నించనూ వద్దు. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది, మానేశాక సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు. ఆ లోపల గర్భంలో వాడదగ్గ మందులకి మారుస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ అలాంటివి. జబ్బు అదుపులో ఉన్నప్పుడు ప్లాన్ చేస్తే చాలామందికి మామూలుగానే కాన్పు అవుతుంది. నా లూపస్‌తోనే నాకు పాప పుట్టింది. రుమటాలజిస్టూ గైనకాలజిస్టూ మాట్లాడుకుని చూశారు, ఆరు నెలలు జబ్బు నిద్రపోయాకే ముందుకెళ్లమన్నారు.

మీ ఆయన్ని అపాయింట్‌మెంట్‌కి తీసుకెళ్లు. అత్తింటివాళ్లకి ఏం చెప్పాలో ఆయన చెబుతారు, ఆ బరువు నువ్వొక్కదానివే మోయక్కర్లేదు.

కావ్య_హెచ్‌వైడీ
మార్చి 22, రాత్రి 9:58

అక్కా, పాప పేరేంటి?

సీతాకోక_రమ్య
మార్చి 22, రాత్రి 10:01

ఇంట్లో బుజ్జి. నాలుగేళ్లు. రోజంతా ప్రశ్నలే.

తెనాలి_లక్ష్మి
ఏప్రిల్ 2, రాత్రి 9:05

ఇది లక్ష్మి భర్తను రాస్తున్నాను. ఆవిడ పడుకుంది. వయసుతో వచ్చే నొప్పులే అన్నది నేనే. పొద్దున్నే పాత్రలు చప్పుడు చేస్తూ తోముతుంటే విసుక్కునేవాణ్ని, పట్టు లేక జారిపోతున్నాయని అర్థం కాలేదు. ఇప్పుడు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి నా ఫోన్లో అలారం పెట్టుకున్నాను, మాత్ర నేనే ఇస్తున్నాను. మూర్తి గారు చెప్పినట్టు పెట్టె మీద రాశాం. పెద్దదానికి జడ వేయడం కూడా నేర్చుకున్నాను, ఒక పక్కకి ఒరిగిపోతోంది గానీ స్కూల్లో ఎవరూ ఏమీ అనలేదట. మీ అందరికీ రుణపడి ఉన్నాను.

ఉత్తరాంధ్ర_ఉష
ఏప్రిల్ 2, రాత్రి 9:20

తడి జుట్టు మీద వేయండి అన్నయ్యా, ఒరగదు.

తెనాలి_లక్ష్మి
మే 28, మధ్యాహ్నం 3:30

పదో వారం. స్టెరాయిడ్ పూర్తిగా ఆపేశారు. బిగుతు ఇప్పుడు ఇరవై నిమిషాలు. కుడిచేతి చూపుడువేలి మొదట్లో ఇంకా వాపుంది, మెథోట్రెక్సేట్ డోసు కొంచెం పెంచారు. మర్నాడు సోమవారం వికారంగా ఉంటోంది, అన్నం తిన్నాక రాత్రి వేసుకుంటే కాస్త నయం. పెద్ద కత్తెర పట్టగలుగుతున్నాను, హుక్కులు మాత్రం ఇంకా పక్కింటి అమ్మాయే. ఆ అమ్మాయికి బాగా చేయి తిరిగింది, ఇక తననే ఉంచుకుందామనుకుంటున్నాను.

ఒక చిన్న సందేహం. రేపు రక్తపరీక్షకి వెళ్లాలి. సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సీఆర్‌పీ రాశారు. పొద్దున ఏమీ తినకుండా వెళ్లాలా?

మందుల_షాపు_మూర్తి
మే 28, మధ్యాహ్నం 3:52

వీటికి పరగడుపు అక్కర్లేదమ్మా. ఇడ్లీ తిని వెళ్లు. చీటీలో ఫాస్టింగ్ షుగర్ కూడా ఉంటే మాత్రం తినకుండా వెళ్లాలి, ఒకసారి చూసుకో.

తెనాలి_లక్ష్మి
మే 28, సాయంత్రం 4:10

షుగర్ లేదండి. తినే వెళతాను.